పంప్ రైఫిల్: గొట్టంలో వరుస, కంటికి గురి

ఎడమ అరచేతికి ఆనే చెక్కపిడిని వెనక్కు లాగి మళ్ళీ ముందుకు తోయడంతో, పేలిన తూటా ఖాళీ కేసు బయటికి ఎగిరిపడి, కొత్త తూటా గొట్టం మూలానికి చేరి, హ్యామర్ అనే సుత్తి తిరిగి బిగిసి కాల్పుకు సిద్ధమయ్యే తుపాకిని పంప్ యాక్షన్ తుపాకి అంటారు. అందులోనూ, గొట్టం లోపలి గోడల మీద మెలితిరిగిన గాడులు ఉండి, ఒకే గుండును తన చుట్టూ తాను తిరిగేలా పంపేది రైఫిల్. నున్నని గొట్టంతో ఒకేసారి అనేక రవ్వలను వెదజల్లేది షాట్‌గన్. ఈ వ్యాసంలో తూటా అన్నప్పుడు ఇత్తడి కేసు, అందులోని మందు, దానిని వెలిగించే ప్రైమర్, ముందు బిగించిన గుండు కలిసిన మొత్తమనీ, గుండు అన్నప్పుడు గొట్టం వదిలి వెళ్ళే లోహపు ముక్క మాత్రమేననీ గ్రహించాలి. ఈ తేడా తెలియకపోతే పాత పంప్ రైఫిళ్ళు ఆ ఆకారంలో ఎందుకు తయారయ్యాయో, వాటి మీద ఆ రకం సైట్లే ఎందుకు అమరాయో అర్థం కాదు.

చేతితో నడిపే రైఫిళ్ళలో మూడు పద్ధతులు బాగా నిలిచాయి. బోల్ట్ రైఫిల్‌లో కుడిచేయి ట్రిగ్గర్ వదిలి పిడిని ఎత్తి, లాగి, తోసి, దించాలి; లీవర్ రైఫిల్‌లో ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప వలయాన్ని కిందికి దించి పైకి లాగాలి; పంప్ రైఫిల్‌లో మాత్రం కుడిచేయి ఉన్నచోటనే ఉంటుంది, చెంప తుపాకి చెక్కను వీడదు, కన్ను గురిని వదలదు, పనంతా ఎడమచేయి చేస్తుంది. ఈ పద్ధతికి తొలి పేటెంటు 1854లోనే బ్రిటన్‌లో వచ్చినా, మార్కెట్లో నిలబడిన తొలి పంప్ తుపాకి అమెరికాలో 1882లో వచ్చిన స్పెన్సర్ షాట్‌గన్. కోల్ట్ కంపెనీ 1884 నుంచి 1904 వరకు లైట్నింగ్ అనే పంప్ రైఫిల్‌ను చిన్న, మధ్య, పెద్ద చట్రాలుగా మూడు పరిమాణాల్లో తయారుచేసింది. జాన్ బ్రౌనింగ్, మాథ్యూ బ్రౌనింగ్ సోదరులు 1888లో పేటెంటు పొందిన నమూనాను విన్‌చెస్టర్ కంపెనీ 1890లో .22 రైఫిల్‌గా విడుదల చేసింది. .22 అంటే గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.22 అంగుళం, అంటే 5.6 మిల్లీమీటర్లు. 1932 వరకు దాదాపు 8,49,000 రైఫిళ్ళు తయారైన ఈ మోడల్ 1890, సేకర్తల ప్రపంచంలో నేటికీ పంప్ రైఫిళ్ళన్నిటికీ కొలబద్దగా ఉంది.

ఈ రైఫిల్ అడవికంటే ఎక్కువగా జనసమ్మర్దంలోనే పేరు తెచ్చుకొంది. అమెరికాలో సంతల్లోనూ వినోద స్థలాల్లోనూ డబ్బు తీసుకొని బొమ్మల మీద కాల్పించే షూటింగ్ గ్యాలరీలు ఉండేవి; తెలుగు జాతరల్లో బెలూన్లు కట్టిన బోర్డు ముందు ఎయిర్‌గన్ అందించే దుకాణాలకు అవి పెద్దన్నలు. రోజంతా వేలసార్లు లాగి తోసినా అరగని యంత్రం వాటికి కావలసి వచ్చింది, అది ఈ పంప్ రైఫిల్‌లో దొరికింది. అందుకే ఇప్పుడు దొరికే మోడల్ 1890లలో ఎక్కువవాటికి చెక్కపిడి నున్నగా అరిగి, గొట్టం గాడులు చెరిగి ఉంటాయి. మరొక విశేషం కూడా తెలుసుకోవాలి: తొలినాటి మోడల్ 1890 రైఫిల్ ఒక్కొక్కటీ ఒకే రకం .22 తూటాకు తయారైంది. షార్ట్ తూటాకు చేసిన దానిలో లాంగ్ తూటా నడవదు. గొట్టం మీద చెక్కిన అక్షరాలను చదవకుండా ఏ తూటా పడితే ఆ తూటా పెట్టడం ఆ యంత్రానికి చేసే హాని.

పంప్ రైఫిల్ తూటాలను గొట్టం కిందనే మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటిగా దాస్తుంది. దీనిని గొట్టపు మ్యాగజైన్ అంటారు. అందులో ఒక తూటా గుండు మొన సరిగ్గా దాని ముందున్న తూటా అడుగుకు ఆని ఉంటుంది. .22 తూటాలతో ఇబ్బంది లేదు, ఎందుకంటే వాటిలో వెలిగే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది. పెద్ద తూటాలలో ప్రైమర్ అడుగు మధ్యలో ఉంటుంది కాబట్టి, మొన సూదిగా ఉంటే, కాల్పు అదురుకు వరుసంతా వెనక్కు కుదుపు పొందినప్పుడు ఆ మొనే ముందున్న తూటా ప్రైమర్‌ను గుద్ది మ్యాగజైన్‌లోనే పేల్చగలదు. అందువల్ల గొట్టపు మ్యాగజైన్ తుపాకులకు మొద్దు మొన గుండ్లే వాడేవారు. మొద్దు మొన గాలిని ఎక్కువగా ఎదుర్కొని, దూరం పోయేకొద్దీ వేగం కోల్పోతుంది.

ఈ చిక్కును ముందుగా విప్పినవారు వేటగాళ్ళ కోసం తుపాకులు చేసినవారు కాదు, ఫ్రెంచ్ సైన్యంవారు. పుదుచ్చేరి చరిత్రకు ఆ సైన్యంతో దగ్గరి సంబంధం ఉంది. పట్టణం దక్షిణాన, కడలూరు రోడ్డు మీద ముదలియార్‌పేటకూ అరియాంకుప్పానికీ నడుమ ఉన్న మురుంగపాక్కం, 1954 నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చేవరకు, ఇటు గోదావరి పాయ మీది తెలుగు యానాంలాగే, ఫ్రెంచ్ పాలనలో ఉండేది. ఫ్రాన్స్ తరఫున మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి మరణించిన పుదుచ్చేరి సైనికుల స్మారకం నేటికీ సముద్రతీరపు గూబర్ అవెన్యూ మీద ఉంది. ఆ యుద్ధంలో ఫ్రెంచ్ పదాతిదళానికి ప్రధాన ఆయుధం 1886లో స్వీకరించిన లెబెల్ రైఫిల్. అది బోల్ట్ రైఫిలే అయినా, పంప్ రైఫిళ్ళలాగే గొట్టం కింది మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలు దాచేది. 1898లో ఫ్రెంచివారు దానికి సూది మొన గల ఇత్తడిరంగు గుండును ప్రవేశపెట్టినప్పుడు, తూటా అడుగున ప్రైమర్ చుట్టూ వలయంలా ఒక గాడి తవ్వారు. కేసు ముందుకంటే వెనుకవైపు లావుగా ఉండి తూటాలు వాలుగా పడుకొంటాయి కాబట్టి, వెనుక తూటా మొన ప్రైమర్ మీద కాక ఆ గాడిలో కుదురుకొనేది. తూటా ఆకృతిని మార్చి వారు చిక్కు విప్పారు.

అమెరికాలో జాన్ పెడర్సన్ అదే చిక్కును రెమింగ్టన్ కంపెనీ కోసం మరో దారిలో విప్పాడు. ఆయన రూపొందించిన మోడల్ 14 పంప్ రైఫిల్‌లో మ్యాగజైన్ గొట్టం గోడనే మెలికలుగా నొక్కి, ప్రతి తూటా కాస్త ఏటవాలుగా నిలిచేలా, దాని మొన ముందరి తూటా ప్రైమర్‌ను కాక అంచును తాకేలా చేశాడు. 1910లలో మొదలై 1930ల మధ్య వరకు తయారైన ఈ రైఫిల్ నాలుగు రకాల రెమింగ్టన్ తూటాలకు దొరికేది, వాటిలో .35 తూటా సుమారు 13 గ్రాముల గుండును సెకనుకు దాదాపు 630 మీటర్ల వేగంతో పంపుతుంది. దాని శక్తి 2,600 జౌళ్ళ దరిదాపుల్లో ఉంటుంది; .22 లాంగ్ రైఫిల్ గుండు శక్తి 150 జౌళ్ళ చుట్టుపక్కలే. మెలికల గొట్టం పైకి కనిపిస్తుంది కాబట్టి ఈ రైఫిల్‌ను చూడగానే గుర్తుపట్టవచ్చు. దాని ఎడమపక్క యంత్రపు పెట్టె మీద అసలైన ఇత్తడి తూటా అడుగునే పొదిగి, ఇది ఏ తూటాకు చేసిన రైఫిలో చెప్పించారు. ఇనుప వస్తువు తన స్వభావాన్ని తానే చెప్పుకొనేలా చేసిన ఆ ఆలోచన, కర్మాగారపు వస్తువులో అరుదుగా కనిపించే మర్యాద.

దక్షిణ భారతంలో ఇలాంటి పెద్ద పంప్ రైఫిళ్ళు ఎక్కువగా వాడుకలోకి రాకపోవడానికి ఒక కారణం ఆ గొట్టపు మ్యాగజైనే కావచ్చు. హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలను లాలా దీన్ దయాళ్ ఫోటోలు తీసిన కాలానికి కోల్ట్ లైట్నింగ్ మార్కెట్లో ఉన్నా, రాజులూ అధికారులూ ఇంగ్లండు జంటగొట్టాల రైఫిళ్ళనే కోరుకొనేవారు. పులి, అడవిదున్న వంటి వాటికి గొట్టపు మ్యాగజైన్‌లో ఇమిడే పొట్టి తూటాలు చాలవని వారికి తెలుసు. 1910లో సికింద్రాబాద్ దగ్గర బొల్లారంలో పుట్టి, బెంగళూరులో జీవించి, నరభక్షక పులుల కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ ఎంచుకొన్నది కూడా అమెరికా తుపాకే అయినా, అది విన్‌చెస్టర్ మోడల్ 1895 లీవర్ రైఫిల్. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయలోనూ మామండూరు అడవుల్లోనూ ఆయన వెంట ఉన్న ఈ .405 రైఫిల్ జాన్ బ్రౌనింగ్ సృష్టే. అయితే దానికి గొట్టపు మ్యాగజైన్ బదులు తూటాలను ఒకదాని మీద ఒకటి పేర్చే పెట్టె మ్యాగజైన్ ఉంది. మొన ప్రైమర్‌కు తగిలే భయం లేనందువల్ల, సుమారు 19 గ్రాముల గుండును సెకనుకు 670 మీటర్ల వేగంతో పంపే పొడవాటి తూటాను అందులో పెట్టగలిగారు. ఒకే రూపకర్త చేతిలో గొట్టం .22కు, పెట్టె .405కు ఒప్పిన తీరు చూస్తే, తూటా ఎంపికే తుపాకి ఆకారాన్ని నిర్ణయిస్తుందని స్పష్టమవుతుంది.

పంప్ రైఫిల్‌కు కూడా పెట్టె మ్యాగజైన్ చివరికి వచ్చింది. రెమింగ్టన్ 1952లో విడుదల చేసిన మోడల్ 760లో పెట్టె కిందినుంచి ఊడివస్తుంది, బోల్ట్ రైఫిళ్ళలో వాడే పెద్ద తూటాలలో ఎన్నో అందులో నడుస్తాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా తానే తూటా మార్చుకొనే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళను వేటకు చాలాకాలం అనుమతించని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, చట్టానికి లోబడిన వేగవంతమైన తుపాకిగా ఇది ఇంటింటా చేరింది. మంచులో జింక అడుగుజాడలు పట్టుకొని రోజంతా నడిచి, చెట్ల నడుమ క్షణకాలం కనిపించిన జంతువును కాల్చే వెర్మాంట్ వేటగాళ్ళలో లారీ బెనోయిట్ కుటుంబం ఈ రైఫిల్‌తోనే పేరు పొందింది. అలాంటి వేటలో దుర్భిణి బిగించిన రైఫిల్ బరువనీ, దాని అద్దం మీద మంచు పడితే చూపు పోతుందనీ, రంధ్రపు సైటే మేలనీ నమ్మిన వేటగాళ్ళు అక్కడ ఎందరో ఉన్నారు. ఆ నమ్మకానికి కంటి నిర్మాణంలో గట్టి ఆధారం ఉంది.

గురి చూడడం మూడు వస్తువులను ఒకే గీత మీదికి తేవడం. కంటికి దగ్గరగా ఉండే బ్యాక్‌సైట్ గాటు, గొట్టం కొసన ఉండే ఫోర్‌సైట్ మొన, దూరాన ఉన్న లక్ష్యం ఆ మూడు వస్తువులు. ఎన్‌సీసీ శిబిరాల్లో రైఫిల్ పట్టిన తెలుగు పిల్లలకు ఈ పేర్లు కొత్త కాదు. గాటు కంటికి సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో, మొన 80 సెంటీమీటర్ల దూరంలో, లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉన్నాయనుకొంటే, వాటిని స్పష్టంగా చూడడానికి కంటి కటకం వరుసగా సుమారు 2.5, 1.25, 0 డయాప్టర్ల మేరకు అదనంగా ఉబ్బాలి. డయాప్టర్ అంటే కటకం వెలుగును వంచే శక్తికి కొలత. కన్ను ఒక సమయంలో ఒక దూరానికే స్పష్టంగా కుదురుకోగలదు కాబట్టి, మిగిలిన రెండూ మసకబారి తీరుతాయి. నలభై దాటిన తరువాత కటకం గట్టిపడి ఉబ్బే శక్తి తగ్గేసరికి, దగ్గరి గాటు పూర్తిగా అలుక్కుపోతుంది. చత్వారం వచ్చిన వేటగాడికి తుపాకి గురి తప్పినట్లు తోస్తుంది కానీ, తప్పినది కంటి కటకం.

విలియం లైమన్ 1879లో పేటెంటు పొందిన సైట్ ఈ మూడింటిలో ఒకదాన్ని తీసివేసింది. గొట్టం మధ్యలో ఉండే గాటును వదిలి, యంత్రపు పెట్టె వెనుక, తుపాకి చెక్క మెడ మీదికి సాగిన ఇనుప పట్టీ మీద, కంటికి దాదాపు ఆనేంత దగ్గరగా, సన్నని కాండం మీద ఒక చిన్న వలయాన్ని ఆయన నిలబెట్టాడు. ఆ ఇనుప పట్టీని ట్యాంగ్ అంటారు కాబట్టి ఇది ట్యాంగ్ సైట్. దాని వలయాన్ని చూడనక్కర లేదు, దానిలోంచి చూడాలి. వలయం మధ్యభాగంలో వెలుగు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ప్రయత్నం లేకుండానే కన్ను ఫోర్‌సైట్ మొనను ఆ మధ్యకు తెచ్చుకొంటుంది. ఇక మిగిలినవి మొన, లక్ష్యం రెండే.

వలయం రంధ్రం చిన్నదైతే మరొక మేలు కలుగుతుంది. కంటిపాప సాయంకాలపు వెలుగులో సుమారు 4 మిల్లీమీటర్లకు విచ్చుకొంటుంది. దాని ముందు 1.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంచితే, వెలుగు కిరణాల శంకువు సన్నబడి, కుదరని దూరంలోని వస్తువు రెటీనా మీద వేసే మసక వలయం వ్యాసం ఆ నిష్పత్తిలోనే తగ్గి నలభై శాతం లోపుకు వస్తుంది. మొన, లక్ష్యం రెండూ దాదాపు స్పష్టంగా కనిపిస్తాయి; కళ్ళజోడు లేని వృద్ధుడు కాగితానికి సూదిరంధ్రం పొడిచి చదవగలగడానికి కారణం ఇదే. అయితే లోపలికి వచ్చే వెలుగు వ్యాసపు వర్గానికి అనుపాతంలో తగ్గుతుంది కాబట్టి ఏడో వంతే మిగులుతుంది. ఎండలో బొమ్మలు కాల్చేవారికి ఆ నష్టం తెలియదు, మునిమాపు వేళ అడవి అంచున నిలిచినవారికి అది చూపునే మూసివేస్తుంది. అందుకే లైమన్ సైట్లలో చిన్న రంధ్రపు బిళ్ళను విప్పి తీసివేస్తే పలుచని అంచు గల పెద్ద వలయం మిగిలే ఏర్పాటు ఉంది. పాపకంటే పెద్ద రంధ్రం చూపుకు పదును ఇవ్వకపోయినా, మొనను మధ్యకు తెచ్చుకొనే అలవాటును కంటికి వదలదు. రాత్రి మంచె మీద మాటువేసే ఆండర్సన్ రైఫిల్‌కు టార్చ్ బిగించుకోవడం ఇంకో దారి: ఆ వెలుగు జంతువు కళ్ళను మెరిపిస్తూనే ఫోర్‌సైట్ మొనను కూడా చూపేది.

సైట్ కంటి దగ్గరికి రావడం వల్ల లెక్కలోనూ లాభం ఉంది. బ్యాక్‌సైట్‌కూ ఫోర్‌సైట్‌కూ మధ్య దూరం 50 సెంటీమీటర్లయి, వాటిని కలపడంలో 0.2 మిల్లీమీటర్ల పొరపాటు జరిగితే 50 మీటర్ల దగ్గర గుండు 20 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఆ దూరం 80 సెంటీమీటర్లకు పెరిగితే అదే పొరపాటుకు 12.5 మిల్లీమీటర్లే పోతుంది. ఎత్తు సవరణకూ ట్యాంగ్ సైట్ కాండం మరమీద పైకి కిందికి కదులుతుంది. .22 లాంగ్ రైఫిల్ గుండు 50 మీటర్లలో దాదాపు 12 సెంటీమీటర్లు, 100 మీటర్లలో దాదాపు అర మీటరు కిందికి పడుతుంది కాబట్టి, 50కి కుదిర్చిన గురిని 100కి మార్చడానికి వలయాన్ని సుమారు 2 మిల్లీమీటర్లు ఎత్తాలి. కాండం మీది సన్నని గీతలు ఆ కొలతకే. కొన్ని రైఫిళ్ళలో యంత్రం వెనక్కు వచ్చి కాండాన్ని తాకుతుంది. మార్బుల్ కంపెనీ తన సైట్ పాదంలో స్ప్రింగ్ పెట్టి, దెబ్బ తగిలితే వాలి తిరిగి లేచి యథాస్థానంలో నిలిచేలా చేసింది. ఇంత చిన్న వస్తువులో ఇంత ఆలోచన దాగి ఉండడం ఈ సేకరణలోని గొప్ప ఆనందం.

ఫోర్‌సైట్ మొన చివర ఉండే పూస కూడా నిర్లక్ష్యం చేయదగినది కాదు. ముదురు రంగు జంతువు మీద తెల్లగా కనిపించాలని దంతపు పూస, మెరవాలని ఇత్తడి లేదా బంగారురంగు పూస పెట్టేవారు. గుండ్రని పూస మీద ఎండ ఒక పక్కనుంచి పడితే, మెరిసే పక్కనే పూస మధ్యగా కన్ను పొరబడి, గుండు ఎండకు ఎదురుదిక్కుకు జరుగుతుంది. ఆ లోపం తీర్చడానికి ముఖం చదునుగా కోసిన పూసలు వచ్చాయి. ఒకనాటి దంతపు పూస అసలైన ఏనుగు దంతమే అయితే, భారతదేశంలో దాని అమ్మకం కొనుగోలు మీద వన్యప్రాణి చట్టం ఆంక్షలు ఉన్నాయని సేకర్త మరవకూడదు.

ఈ రంధ్రపు గురి వారసత్వం తెలుగు నేల మీద ఇంకా సజీవంగా ఉంది. హైదరాబాదులో సాధన చేసిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచినది ఇలాంటి సైట్‌తోనే. ఆ పోటీలో దుర్భిణి వాడరాదు; వెనుక చిన్న రంధ్రం, ముందు వలయం, వాటి నడుమ లక్ష్యపు నల్లని గుండ్రం అన్నీ ఒకే కేంద్రం చుట్టూ నిలవాలి, పదో మార్కు ఉన్న చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు. పాత పంప్ రైఫిల్ చేతిలో ఉన్న భారతీయుడికి దానిని సార్థకంగా వాడుకొనే చోటు కూడా అలాంటి షూటింగ్ రేంజే.

ఎందుకంటే వేట ఇక్కడ దాదాపు ముగిసిన అధ్యాయం, అది ముగియడమే న్యాయం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టమూ, దానికి 1991లో చేసిన సవరణా కలిసి వినోదం కోసం వేటాడే హక్కును తీసివేశాయి. మనుషుల ప్రాణానికో, నిలిచిన పంటకో ముప్పు తెచ్చే జంతువు విషయంలో అధికారి లిఖితపూర్వక అనుమతితో మాత్రమే చట్టం దారి చూపుతుంది. మురుంగపాక్కం పక్కన అరియాంకుప్పం నది ఒడ్డు మడచెట్ల మీద వాలే కొంగలకూ, పట్టణానికి పడమర 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఊసుడు చెరువు మీది వలసపక్షులకూ ఆ రక్షణ ఉండాలి. తుపాకి కలిగి ఉండడాన్ని 1959 ఆయుధ చట్టం నియంత్రిస్తుంది; 2019 సవరణ ఒక వ్యక్తికి అనుమతించే తుపాకుల సంఖ్యను మూడునుంచి రెండుకు తగ్గించింది. మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్పుకు పనికిరాని, కాలం చెల్లిన లేదా పురావస్తు విలువ గల ఆయుధాలకు ఆ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది; కాల్చగల మోడల్ 1890కి ఆ మినహాయింపు లేదు, ఎంత పాతదైనా లైసెన్సు కావలసిందే. 1980ల మధ్య తరువాత సాధారణ లైసెన్సుదారుకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది కాబట్టి, దేశంలో ఇప్పుడున్న పాత పంప్ రైఫిళ్ళు తాతలనాటివే, పాడైతే వాటి స్థానంలో మరొకటి రాదు. రెండే తుపాకులకు పరిమితమైన భారతీయ సేకర్త గోడ నిండా వరుసలు కట్టలేడు. ఉన్న ఒక్కదానినీ లోతుగా తెలుసుకొని కాపాడడమే అతడి సేకరణ.

మురుంగపాక్కం వంటి చోట ఆ కాపాడడం ఎంతో శ్రమతో కూడిన పని. ఇనుము మీది నీలినలుపు పూత రంగు కాదు. ఇనుము ఉపరితలాన్నే మాగ్నటైట్ అనే ఆక్సైడ్‌గా మార్చిన అతి పలుచని పొర, దానిలో సూక్ష్మ రంధ్రాలుంటాయి. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు ఆ రంధ్రాల గుండా లోపలికి చేరి తుప్పును ఆగనీయవు. వంట ఉప్పు గాలిలోని సాపేక్ష తేమ 75 శాతం దాటితే తేమను పీల్చి తానే ద్రవంగా మారుతుంది, ఈశాన్య ఋతుపవనాల రోజుల్లో ఈ తీరంలో గాలి తేమ ఆ హద్దును సులభంగా దాటుతుంది. చెమటచేతి వేలిముద్ర ఉన్న చోట తెల్లవారేసరికి ఎర్రని మచ్చ పుట్టడానికి ఇది చాలు.

గొట్టం లోపలి తుప్పుకు మరొక చరిత్ర ఉంది. పాత తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలినప్పుడు వంట ఉప్పుకు దగ్గరి బంధువైన పొటాషియం క్లోరైడ్‌గా మారి గొట్టం గాడులకు అంటుకొనేది, 85 శాతం దరిదాపు తేమలో అదీ నీరు కారేది. నల్ల తుపాకిమందు కాలంలో మసి చాలా పడేది కాబట్టి ఆ ఉప్పు అందులో కలిసి పలచనయ్యేది, కాల్చినవాడు కూడా మసి చూసి గొట్టాన్ని వెంటనే నీళ్ళతో కడిగేవాడు. పొగలేని మందు వచ్చాక గొట్టం శుభ్రంగా కనిపించి, ఎవరూ కడగక, ఉప్పు మాత్రం లోపలే మిగిలిపోయింది. 1890 నుంచి 1920ల వరకు వాడిన .22 గొట్టాలలో ఎన్నో గుంటలు పడి ఉండడానికి కారణం తుపాకి నాసిరకం కావడం కాదు, ఈ ఉప్పే. 1926-27 ప్రాంతంలో రెమింగ్టన్ క్లీన్‌బోర్ పేరుతో తుప్పు పట్టించని ప్రైమర్ తూటాలు తెచ్చాక అమెరికాలో పరిస్థితి మారింది. ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందువల్ల పాత తూటాలు కాల్చిన గొట్టానికి ముందు వేడినీళ్ళు, తరువాత పొడిగుడ్డ, ఆ తరువాతనే నూనె. ఈ క్రమాన్ని తిప్పి నూనె ముందుగా రాస్తే ఉప్పు దాని కింద భద్రంగా నిలిచి పని కొనసాగిస్తుంది. తోలు సంచిలో దాచడం కూడా తప్పే, ఎందుకంటే తోలు పదునుచేసిన ఆమ్లాలు తేమతో కలిసి పూతను తింటాయి. సిలికా జెల్ పొట్లాలున్న మూసిన బీరువాలో, 50 శాతం చుట్టుపక్కల తేమలో ఉంచడం మేలు.

సేకర్తలు ఎక్కువగా పాడుచేసేది మాత్రం తుప్పు పట్టిన గొట్టాన్ని కాదు, సైట్‌ను. పూర్వపు యజమాని అమర్చిన ట్యాంగ్ సైట్ అడ్డంగా ఉందని విప్పి పారేసి, దుర్భిణి బిగించడానికి యంత్రపు పెట్టె మీద కొత్త రంధ్రాలు తొలిపించిన రైఫిళ్ళు లోకంలో లెక్కకు మించి ఉన్నాయి. ఒకసారి తొలిచిన రంధ్రం పూడ్చినా దాగదు. లైమన్ ట్యాంగ్ సైట్ల పాదం మీద అక్షరాల గుర్తులు ఉంటాయి, అవి ఆ సైట్ ఏ రైఫిల్ కోసం చేసిందో చెబుతాయి. గుర్తు రైఫిల్‌కు సరిపడకపోతే ఆ సైట్ తరువాత ఎక్కడినుంచో వచ్చిందని అర్థం. శుభ్రం చేయడానికి సైట్ విప్పే ముందు కాండం ఏ గీత దగ్గర నిలిచిందో, రంధ్రపు బిళ్ళ ఉందో తీసి ఉందో, ఫోర్‌సైట్ పూస ఏ రకమో రాసుకోవాలి. ఆ మూడు వివరాలు కలిపి చదివితే, రైఫిల్‌ను చివరిసారి వాడిన మనిషి ఏ తూటాతో, ఎంత దూరానికి, ఎంత వెలుగులో గురిచూశాడో చాలావరకు తేల్చవచ్చు. ఇనుము మీది తయారీ సంఖ్య రైఫిల్ పుట్టిన ఏడాదిని మాత్రమే చెప్పగలదు.